మీద గీత, కింద చుక్క

అది 2018. అండమాన్‌లో వానలు ఇంకా వెనక్కి తగ్గని నెలలు. పోర్ట్ బ్లెయిర్‌లో మా ప్రెస్సు ఒక పాత మేడ కింది భాగంలో రెండు గదుల్లో ఉండేది. ముందు గదిలో నా కంప్యూటరు, వెనక గదిలో ఆఫ్‌సెట్ మిషను. మిషను సంగతి మురుగన్ చూసుకునేవాడు, అక్షరాల సంగతి నేను. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, హోటళ్ళ మెనూలు, స్కూలు మ్యాగజైన్లు, ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా చేసిపెట్టేవాళ్ళం. హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు, ఇంగ్లీషు అన్నీ ఒకే రోజు నా చేతి కిందనుంచి వెళ్ళిన సందర్భాలున్నాయి. ఈ పనిని డీటీపీ అంటారు. బయటివాళ్ళకి అది టైపు కొట్టడంలా కనిపిస్తుంది. టైపు కొట్టడం అందులో సగం కూడా కాదు. ఏ అక్షరం ఏ రూపంలో, ఎంత సైజులో, పక్క అక్షరానికి ఎంత ఎడంలో ఉంటే చదివేవాళ్ళ కన్ను ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతుందో చూడటమే అసలు పని.

నేను పుట్టింది ఇక్కడే, మిన్నీ బేలో. మా తాత శ్రీకాకుళం వైపునుంచి హార్బరు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. చిన్నప్పుడు తెలుగు బడిలో వేశారు కనక నాకు చదవడం, రాయడం కూడా వచ్చాయి. నా తరవాత పుట్టినవాళ్ళలో చాలామందికి అవి రాలేదు. నవ్వుకోవడం, పోట్లాడుకోవడం అన్నీ తెలుగులోనే. కాగితం మీద తెలుగు కనిపిస్తే మాత్రం పక్కకి తిప్పేస్తారు.

ఒక మధ్యాహ్నం తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి ఒక పెద్దావిడ, ఆవిడ వెనకే ఒక అమ్మాయి లోపలికి వచ్చారు. పెద్దావిడ పేరు రత్నమ్మ. ఉండేది హోప్ టౌన్‌లో. మా ప్రెస్సుకి రావాలంటే బంబూఫ్లాట్‌లో ఫెర్రీ ఎక్కి హార్బరు దాటాలి. ఆ వానలో దాటి వచ్చిందంటే పని చిన్నది కాదని అనుకున్నాను. అమ్మాయి ఆవిడ మనవరాలు షారన్. ఎయిర్‌పోర్టులో ఒక టికెట్ కౌంటరు దగ్గర పనిచేసేది. ఆదివారాలు వాళ్ళ చర్చిలో కాయిర్‌ని, అంటే పాటల బృందాన్ని, నడిపించేది. తెలుగులో ఆరాధన జరిగే చిన్న చర్చి వాళ్ళది.

రత్నమ్మ కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుని, తనకి పాటల పుస్తకం ఒకటి వేసిపెట్టాలని చెప్పింది. చర్చి పాటల పుస్తకాలు మెయిన్‌లాండ్‌లో దొరుకుతాయి కదా అన్నాను. అవి కాదట. మొదట్లో దీవులకి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ పెద్దవాళ్ళు ఇక్కడే కట్టుకుని, ఇక్కడే పాడుకున్న పాటలు కొన్ని ఉన్నాయి. కలప మిల్లులో పనిచేసిన ఆవిడ మావగారే అందులో చాలావాటిని కట్టాడు.

"అచ్చులో ఎక్కడా లేవు పాపా. ఇక్కడున్నాయి," అని చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "నేను పోతే అయ్యీ పోతాయి."

ఇంతలో షారన్ ఫోను తీసి నాకు చూపించింది. కాయిర్‌లో పిల్లలకి తెలుగు చదవడం రాదు కనక నానమ్మ పాడుతుంటే విని, ఆ పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి అందరికీ పంపేది. మనం ఫోనులో మెసేజ్‌లు పెట్టుకునే పద్ధతి. అక్కడే చిక్కు వచ్చింది. పడవ మీద సముద్రం దాటుతూ భయం వేసినప్పుడు పాడుకోవడానికి మావగారు కట్టిన పాట ఒకటుంది. అందులో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట "అలలు లేచినా పాడుదము" అని. ఇంగ్లీషు అక్షరాల్లో "పాడుదము" అని రాసినా, "పడుదము" అని రాసినా ఒకేలా ఉంటుంది. నానమ్మ దగ్గర పాట వినని పిల్లలు కాయిర్‌లోకి కొత్తగా వచ్చారు. కిందటి ఆదివారం చర్చి అంతా వినేలా "అలలు లేచినా పడుదము" అని పాడేశారు.

షారన్ అది చెబుతూ తల దించుకుంది. వెనక గదిలోంచి మురుగన్ నవ్వు వినిపించింది; వాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది. రత్నమ్మ మాత్రం నవ్వలేదు.

"పడవలో పడిపోకుండా ఉండాలని మా మావ కట్టిన పాట అది," అంది. "పిల్లలు పడిపోదారి రండని పాడుతున్నారు. ఆల్ల తప్పు కాదు. ఆల్లకి ఎలా తెలుస్తాది?"

వాళ్ళు వెళ్ళాక రెండో విషయం తెలిసింది. అది చెప్పింది చర్చి కమిటీ సెక్రటరీ విక్టర్ గారు. దీవుల మధ్య తిరిగే షిప్పులో ఆయన పర్సర్. అంటే ప్రయాణికుల టికెట్లు, వసతులు చూసే అధికారి. మెత్తగా మాట్లాడే మనిషి. ఓడ రేవులో ఉన్న రోజున ప్రెస్సుకి వచ్చి, పుస్తకానికి తాను అడ్డు చెప్పనని, కాని ఒక మాట ముందే చెప్పడం మంచిదని అన్నారు. కుర్రవాళ్ళు తెలుగు ఆరాధనకి రావడం తగ్గిపోయింది. వచ్చినవాళ్ళు పాటల సమయంలో నోళ్ళు కదుపుతారు, గొంతులు వినిపించవు. ఆరాధన హిందీలోకి మార్చేద్దామని కమిటీలో చాలామంది అంటున్నారు, ఆయన కూడా అదే మేలనుకుంటున్నారు. రత్నమ్మ మాట తీసెయ్యలేక వానలు తగ్గాక వచ్చే కోత పండుగ దాకా ఆగుదామనుకున్నారు.

"ఆ రోజు పిల్లలు బుక్ చూసి పాడగలిగితే తెలుగు సర్వీస్ ఉంటుంది దీదీ," అన్నారు ఆయన. "నహీ తో హిందీ. ఎవరినీ బాధపెట్టాలని కాదు."

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది నేను మా వీధిలో రోజూ చూస్తున్నదే. కాని ఆ పని నాకు అప్పటిదాకా వచ్చిన పనులన్నిటికంటె వేరైనదని ఆ క్షణంలోనే అర్థమైంది. పెళ్ళి కార్డులో అక్షరం బాగోకపోతే పెళ్ళి ఆగదు.

పుస్తకం ఎలా ఉండాలో ముందు నా బుర్రలోనే తేల్చుకున్నాను. తెరిస్తే ఎడమ పేజీలో తెలుగు అక్షరాల్లో పాట ఉండాలి, కుడి పేజీలో అదే పాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. ఎడమ పేజీలో మూడో వరుసలో ఏముందో కుడి పేజీలో మూడో వరుసలో అదే ఉండాలి. బల్ల మీద పక్కపక్కన కూర్చున్న నానమ్మా మనవరాలూ ఒకే పుస్తకం పట్టుకోవాలి. తెలుగుకి ఒకటి, ఇంగ్లీషుకి ఒకటి వేరేగా వెయ్యడం సులువు. కాని అప్పుడు చర్చిలో రెండు గుంపులు తయారవుతాయి.

కుడి పేజీకి మెసేజ్ రాత పనికిరాదు. ప్రతి శబ్దానికీ గుర్తు ఉండాలి. దీర్ఘమైతే అక్షరం మీద చిన్న అడ్డగీత పెడతారు, దాన్ని మ్యాక్రాన్ అంటారు. ట, డ, ణ, ళ లాంటి శబ్దాలకి అక్షరం కింద చుక్క పెడతారు. "పాడుదము"కీ "పడుదము"కీ ఉన్న తేడా అంతా ఇంగ్లీషు "ఎ" మీద ఉండే ఆ చిన్న గీతలోనే ఉంది. ఈ పద్ధతి పండితుల పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కాని ఆదివారం పొద్దున్న పాడుకునే పిల్లలు దాన్ని చూసి బెదరకూడదు.

ఇక్కడ నేను ఎంచుకున్న అక్షరం గురించి చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పెద్ద తెగలు ఉన్నాయి. గీతల చివర చిన్న పాదాల్లాంటి అంచులు ఉన్నవి ఒక తెగ. ఆ అంచుని సెరిఫ్ అంటారు. పాదాలు లేకుండా నున్నగా కోసినట్టు ఉండేవి రెండో తెగ. మన ఫోన్లలో, దుకాణాల బోర్డుల మీద కనిపించేవి అవే. నేను తీసుకున్నది పాత పుస్తకాల సంప్రదాయంలో గీసిన ఒక సెరిఫ్ అక్షర కుటుంబం, అంటే ఫాంటు. అందులో గీత అంతటా ఒకే లావు ఉండదు. పాళీ కొద్దిగా వాలుగా పట్టుకుని రాసినట్టు, దిగేటప్పుడు నిండుగా, తిరిగేటప్పుడు వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. "ఓ" చూస్తే నిట్టనిలువుగా ఉండదు, ఒక పక్కకి కాస్త ఒరిగి ఉంటుంది. "డి", "ఎల్" లాంటివాటి పైకాడ పొడుగ్గా, నెమ్మదిగా పైకి లేస్తుంది. పేజీ నిండా పరిస్తే ఎక్కడా ముద్దలా నల్లగా కనిపించదు, సమంగా పలచటి బూడిద రంగులా కనిపిస్తుంది. మా పనిలో దాన్నే పేజీ రంగు అంటాం. అది సరిగ్గా కుదిరితే చదివేవాళ్ళు అక్షరాల్ని గమనించరు, పాటనే గమనిస్తారు.

అందం కోసమే అయితే విక్టర్ గారికి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కాని తెలుగు మాటలు పొడుగైనవి. "రక్షింపబడినవారము" లాంటి మాటని పాదాలు లేని అక్షరాల్లో పరిచినప్పుడు పెద్ద "ఐ", చిన్న "ఎల్" కవలల్లా ఉంటాయి; "ఆర్", "ఎన్" పక్కపక్కన పడితే "ఎమ్" అనిపిస్తాయి. ఒకే పాటని రెండు రకాలుగా పరిచి షారన్‌కి ఇచ్చి చదవమన్నాను. నున్నటి అక్షరాల్లో పొడుగు మాట దగ్గర ప్రతిసారీ ఆగింది. సెరిఫ్ అక్షరాల్లో ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ పాదాలు ఒకదాని పక్కన ఒకటి చేరి వరుస కింద సన్నటి దారిలా కనిపిస్తాయి, కన్ను దాని మీద నడుస్తుంది.

"ఇది పుస్తకంలా ఉంది దీదీ," అంది షారన్. "అది వాట్సాప్‌లా ఉంది."

రత్నమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. సెరిఫ్ ఉన్న కాగితం మీద వేలు పెట్టి, "ఈటికి ఇస్త్రీ సొక్కా ఏసినట్టుంది. ఇయి సర్చికి ఒచ్చే అక్షరాలు," అంది. అక్షరాల గురించి నేను చదివిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. అంత సూటిగా చెప్పినది వాటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

పాటలు ఎక్కించడం మొదలుపెట్టాం. దానికి ఆవిడే ప్రెస్సుకి వచ్చేది, కొన్ని రోజులు నేనే ఫెర్రీ ఎక్కి హోప్ టౌన్ వెళ్ళేదాన్ని. పాట మాటలు మామూలుగా చెప్పమంటే ఆవిడకి వచ్చేవి కావు, పాడితేనే వచ్చేవి. మధ్యలో ఆపి "పెద్దమ్మా, ఆ మాట మళ్ళీ చెప్పండి" అంటే దారి తప్పిపోయేది, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే. కొన్నాళ్ళకి నేను ఆపడం మానేశాను. ఆవిడ పాడుతూ ఉంటే నేను కొడుతూ ఉండేదాన్ని, పట్టుకోలేని మాట కోసం ఇంకోసారి పాడించుకునేదాన్ని. మా ఇంట్లో ఆ దేవుడూ కాదు, ఆ పాటలూ కావు. అయినా బస్సులో ఇంటికి వెళ్తూ వాటినే గొణుక్కునేదాన్ని.

మొదటి ప్రూఫ్ తయారైంది. ప్రూఫ్ అంటే అసలు అచ్చుకి ముందు సరిచూసుకోవడానికి తీసే నమూనా. కంప్యూటర్ తెర మీద అది ఎంత బాగుందంటే పనిలేకపోయినా తెరిచి చూసుకునేదాన్ని. ఆదివారం వాన పడుతుండగా ఆ కాగితాలు పట్టుకుని వాళ్ళ చర్చికి వెళ్ళాను. కరెంటు లేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురులోనే ఆరాధన. షారన్ కాయిర్ పిల్లలకి కాగితాలు పంచి, మీద గీత ఉన్నచోట సాగదీసి పాడమని చెప్పింది. పాట మొదలైంది.

"అలలు లేచినా పడుదము" అన్నారు.

నా చేతిలో ఉన్న కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. "ఎ" మీద గీత లేదు. తెర మీద ఉంది, కాగితం మీద లేదు. వెంట్రుకంత సన్నటి గీత, వానాకాలపు చెమ్మ పీల్చుకున్న మామూలు కాగితం మీద పడి ఎక్కడికక్కడ తెగిపోయింది. చుక్కలు కొన్ని అలుక్కుని పై అక్షరానికి అతుక్కున్నాయి. అక్షరాన్ని సొగసుగా చేసిన సన్నదనమే పాటని మళ్ళీ పడగొట్టింది. విక్టర్ గారు ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, మామూలు లావు అక్షరాల్లో వేసేస్తే పోదా అని మర్యాదగానే అడిగారు. నాకు కొంచెం గడువు ఇవ్వండి అన్నాను. రత్నమ్మ ఫెర్రీ దాకా తోడు వెళ్ళమని షారన్‌ని నాతో పంపింది.

ఆ ఫెర్రీలో కూర్చుని ఆలోచిస్తే ఒకటి స్పష్టంగా తోచింది. తప్పు ఆ అక్షర కుటుంబానిది కాదు. మంచి సెరిఫ్ కుటుంబాల్లో ఒకే అక్షరాన్ని రెండు మూడు రకాలుగా గీసి పెడతారు. పెద్ద సైజులో శీర్షికలకి వాడేది ఒకటి, దానిలో సన్నగీతలు మరీ సన్నంగా ఉంటాయి. చిన్న సైజులో చదువుకోవడానికి ఇంకొకటి. దానిలో సన్నగీతలు కాస్త బలపడతాయి, అక్షరం కొద్దిగా వెడల్పవుతుంది. దీన్ని ఆప్టికల్ సైజు అంటారు. నా కుటుంబంలో చిన్న సైజు రూపం ఉంది. నేను దాన్ని వాడనిది ఎందుకంటే, మన దీర్ఘాల గీతలు, కింది చుక్కలు అందులో గీసి లేవు. పెద్ద రూపంలోనే ఉన్నాయి. అది గీసినవాళ్ళకి తెలుగు పాట గుర్తుండే అవకాశం లేదు.

అయితే ఆ అక్షరాల్ని ఎవరైనా మార్చుకోవచ్చని గీసినవాళ్ళే అనుమతి ఇచ్చారు. మార్చినవాళ్ళు ఎవరూ లేకపోతే నేనే మారుస్తానని నిర్ణయించుకున్నాను. అప్పటిదాకా నేను అక్షరాలు వాడినదాన్నే కాని గీసినదాన్ని కాదు. అక్షరాలు గీసే సాఫ్ట్‌వేరు ఒకటి దించుకుని, మిగతా పని అయ్యాక రోజూ దాని మీద కూర్చున్నాను. మొదట పెట్టిన గీత తిన్నటి కడ్డీలా ఉంది, ఇస్త్రీ చొక్కా మీద ఇనప మేకు గుచ్చినట్టు. దాన్ని తీసేసి, రెండు కొసలూ కొద్దిగా సన్నబడేలా, మధ్యలో నిండుగా ఉండేలా గీశాను. అదే పాళీతో అదే చెయ్యి గీసినట్టు ఉండాలి. "ఐ" మీద అసలు ఉండే చుక్క తీసేసి గీతకి చోటిచ్చాను. కింది చుక్కని మొదట వాలుగా, పాళీ ఆనించినట్టు గీశాను. తెర మీద ముచ్చటగా ఉంది. మురుగన్ ఒక వాన రోజు మా కాగితం మీదే చిన్న ముక్క అచ్చుతీసి తెచ్చి చూపించాడు. సిరా పాకి చుక్క మూలలన్నీ మాసిపోయాయి.

"గోల్ బనావో దీదీ," అన్నాడు. "ఈ కాగితం మూలల్ని ఉంచదు."

చుక్కని గుండ్రంగా చేశాను. ఇంకాస్త పెద్దది చేసి కిందికి దించాను. సిరా పాకినా అక్షరాన్ని అంటుకోనంత దూరం. అలా గీయడం, అచ్చుతీయడం, భూతద్దంలో చూడటం, మళ్ళీ గీయడం. మురుగన్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇంకో చిక్కు ఉంటుందని భయపడ్డాను. మీద గీత, కింద చుక్క పెట్టుకుంటే ఇంగ్లీషు వరుసలు ఒకదానికొకటి తగులుతాయి. కాని తెలుగు పేజీలో వరుసల మధ్య ఎడం ముందునుంచే ఎక్కువ. మన గుడులకి, దీర్ఘాలకి పైన చోటు కావాలి, ఒత్తులకి కింద చోటు కావాలి. రెండు పేజీల్లోనూ వరుసలు ఎదురెదురుగా ఉండాలి కనక ఆ ఎడం కుడి పేజీకీ వచ్చింది. తెలుగు ఒత్తుల కోసం వదిలిన ఖాళీలో ఇంగ్లీషు చుక్కలు సుఖంగా కూర్చున్నాయి. ఆ పేజీ పూర్తయి కనిపించినప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. కుర్చీ వెనక్కి జరిపి నిలబడి చూశాను. రెండు లిపులు ఒకే ఇంటి మనుషుల్లా ఉన్నాయి.

కోత పండుగకి ముందే పుస్తకాలు చర్చికి చేరాయి. ఆ ఆదివారం నన్నూ రమ్మన్నారు. చర్చి ముందంతా పొలాలున్న ఫెరార్‌గంజ్ వైపునుంచి బంధువులు తెచ్చిన వరి కంకుల మోపులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు. నేను వెనక వరుసలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. రత్నమ్మ ముందు వరుసలో కాకుండా కాయిర్ బల్ల మీద షారన్ పక్కన కూర్చుంది. ఒకే పుస్తకం ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. రత్నమ్మకి ఆ పుస్తకం అక్కర్లేదు. అయినా ఎడమ పేజీ మీదనుంచి చూపు తిప్పలేదు.

పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం అయింది. "అలలు లేచినా" అన్నారు, అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. తరవాత "పాడుదము" అన్నారు. ఆ "పా" పొడుగ్గా, నిండుగా, ఎవరూ తొందరపడకుండా వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు వెనక వరుసల్లో ఉన్న కుర్రాళ్ళు కూడా అందుకున్నారు. గొంతులు వినిపించాయి. రత్నమ్మ పాడటం ఆపేసి మనవరాలి మొహం చూస్తూ కూర్చుంది.

ఆరాధన అయ్యాక బయట టీ ఇచ్చారు. విక్టర్ గారు తన గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. తెలుగు ఆరాధన ఉంటుందని చెబుతారనుకున్నాను. ఆ మాట చెప్పారు. చెప్పి కూడా వెళ్ళలేదు. గొంతు తగ్గించి అన్నారు.

"నాకూ తెలుగు చదవడం రాదు దీదీ. కభీ నహీ ఆయా. ఇన్నేళ్ళూ పాటలు బట్టీ పట్టి పాడాను. కొత్త పాటొస్తే ఊరికే పెదవులు కదిపేవాణ్ణి. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు."

ఇవాళ పాడారా అని అడిగాను.

"పాడాను," అన్నారు. "కుడి పేజీ చూసి మొత్తం పాడాను."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు. ఇద్దరం టీ తాగాం. ఆయన హిందీ ఎందుకు కావాలన్నారో నాకు అప్పుడు తెలిసింది. రాని అక్షరాల ముందు ప్రతి ఆదివారం నిలబడటం మనిషిని ఎంత అలసిపోయేలా చేస్తుందో అంతకుముందు నేను ఆలోచించలేదు.

ఆ అక్షరాలు తరవాత చాలా చోట్లకి వెళ్ళాయి. పెళ్ళి కార్డుల్లో తెలుగు పేర్లు ఇంగ్లీషులో సరిగ్గా పలకాలనేవాళ్ళు ఇప్పుడు మా దగ్గరికే వస్తారు. ఒక తెలుగు సంఘం వాళ్ళు పిల్లలకి వేసిన కథల పుస్తకం అందులోనే పరిచాను. బోర్డులకి మాత్రం అడిగినా ఇవ్వను. రోడ్డు మీద బండి మీద పోయేవాడికి ఆ సన్నగీతలు అందవు, దుకాణం పేరు అక్కడే మాయమవుతుంది. అది చేతిలో పట్టుకుని, నిదానంగా చదువుకునేవాళ్ళ అక్షరం. దాని చోటు దానికి ఇస్తే ఎంత పనైనా చేస్తుంది.

2023లో పాటల పుస్తకం మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. పాత ప్రతులు చేతుల్లో నలిగి అట్టలు ఊడిపోయాయి. రత్నమ్మ అప్పటికి ఫెర్రీ ఎక్కలేకపోతోంది, షారన్ ఒక్కతే వచ్చింది. ఆ అమ్మాయికి పెళ్ళయింది, కాయిర్ ఇంకా తనే చూస్తోంది. కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"అచ్చువేసే ముందు ఒకటి దిద్దాలి దీదీ. ఇక్కడ తప్పుంది."

నేను కుడి పేజీ చూశాను. గీతలు, చుక్కలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడ అని అడిగాను.

"అటు కాదు," అని ఎడమ పేజీ మీద వేలు పెట్టింది. "సాయంత్రపు వేళ అని ఉండాలి కదా. 'వేల' అని పడింది. కుడి పక్క ఎల్ కింద చుక్క ఉంది, ఇక్కడ మాత్రం మామూలు ల ఉంది. ళ రావాలి."

చూశాను. నిజమే. రత్నమ్మ కళ్ళు, నా కళ్ళు, ఇన్నేళ్ళుగా ఆ పుస్తకం పట్టుకున్న పెద్దవాళ్ళందరి కళ్ళు దాటిపోయిన అక్షరం అది. మాకు పాట వచ్చు కనక మేము చూసుకోలేదు. తను ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూ చదివింది కనక పట్టుకుంది.

"తెలుగు ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను.

"నేర్చుకోలేదు దీదీ," అంది షారన్, కాస్త సిగ్గుపడుతూ. "ఎవరూ నేర్పలేదు. కుడి వైపు చదివేటప్పుడు ఎడమ వైపు చూసేదాన్ని. ఇంగ్లీషులో చుక్క ఉన్నచోట తెలుగులో ఏ అక్షరం ఉందా అని. ధీరే ధీరే వచ్చేసింది. మా కాయిర్‌లో ఇంకో నలుగురికి కూడా వచ్చు."

ఈ వృత్తిలో ఎవరైనా నా పేజీలో తప్పు చూపిస్తే ఆ రోజంతా నాకు తిండి సహించదు. ఆ రోజు మాత్రం వెనక గదిలోకి వెళ్ళి మురుగన్‌ని పిలిచి మరీ ఆ తప్పు చూపించాను. మంచి అక్షరం అంటే చూడగానే ఆకట్టుకునేది అని నేను చాలాకాలం అనుకున్నాను. సొగసు ఉండాలి, అది లేకపోతే షారన్ ఆ పేజీ తెరిచేదే కాదు. కాని ఆ సొగసుని ఏ కాగితం మీద, ఏ వెలుతురులో, ఎవరి చేతుల్లో పెడుతున్నామో తెలుసుకుని దానికి తగ్గట్టు బలం ఇవ్వడమే నా పని అని ఆ పుస్తకం నేర్పింది. అది సరిగ్గా చేస్తే చదివేవాళ్ళు మనం వేసిన దారి దగ్గరే ఆగిపోరు, దాని మీదుగా తమకి కావలసిన చోటికి వెళ్ళిపోతారు.

కంప్యూటర్‌లో పాత ఫైలు తెరిచి షారన్‌ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. "వేల" దగ్గర ల చెరిపేసి ళ తనే కొట్టింది.